అండాలమ్మ నా గిరాకి

హలో… ఆ, నేనే, రెబెక్కనే. చెప్పవే రూబీ, షాపుల నుంచేనా?

…పర్వాలే. కామెర్లు దిగినయ్. కండ్లు జర తెల్లగైనయ్. డాక్టరు ఇంకా రెస్టే అన్నడు…

…ఈఎస్ఐ వాళ్లు మేనేజర్‌ను అడిగిండ్రా? నేను సెలవుల ఉన్ననని రాసి సంతకం పెట్టమను. గా రోగపు సెలవు పైసలొస్తెనే మా స్టీవెన్ ఇంటి కిరాయి కడ్తడు…

…పెట్టనంటున్నడా! ఎందుకు?

…ట్యాక్స్ బిల్లు అడ్డమొచ్చిందా? నీ బొంద, మనకు ట్యాక్స్ పడేంత జీతమెక్కడిదే! సక్కగ చెప్పు.

…అండాలమ్మ పట్టుచీర బిల్లా… అయ్యో దేవా.

…వచ్చిన. మొన్న సోమవారం షాపుకొచ్చిన. కాదంటలేను.

…నాకు తెలువదా? పనికి పోకుండ ఇంట్ల పండుకుంటెనే గా పైసలని? తెలిసే వచ్చిన! నువ్వే కదనే ఫోన్ జేసినవ్, అండాలమ్మ బిడ్డ పెండ్లి చీరలకొచ్చింది, సాధన చాయ్ తాపుతుందని. ఇగ నా కడుపుమంట ఆగలే. ఎల్బీ నగర్‌ల మెట్రో ఎక్కిన. దిల్‌సుఖ్‌నగర్‌ల దిగంగనే మెట్ల మీద కండ్లు తిరిగినయ్… కూసున్న, మళ్ల లేసిన.

…ఎందుకేందే! అండాలమ్మ నా గిరాకి! తుర్కయంజాల్ నుంచి ఎవ్వరిని దెచ్చినా "రెబెక్క ఏది" అని అడిగేటామె. నిన్నగాక మొన్న నా జాగల పెట్టిన గా సాధన, ఆమెను "పెద్దమ్మా" అంటదా? గా చీర నేనే విప్పి చూపించిన. బిల్లు మీద అమ్మినామెగ నా పేరే కొట్టించిన.

…ఆఁ, ఓర్వలేనితనమే! పాపమని పాస్టరమ్మ ఆదివారమే చెప్పింది. ఆమెన్ అన్న. అయినా మండుతుంది, ఏం జెయ్యాలె?

…బిల్లు మీద నా పేరుంటె, పనికి రాలేదని ఎట్ల రాయాలంటడా… నిజమే. మరెట్ల?

…పేరు మారుస్తడా? ఎవ్వరి పేరు పెడ్తడు?

…సాధన పేరా.

…ఆమె ఒప్పుకుందా? "అక్క కోసం" అన్నదా? అబ్బో, ఎంత మంచి మనసో!

…తెలుసే రూబీ. కిరాయి ఉంది, మందులున్నయ్, స్టీవెన్ ఊకోడు. అన్నీ తెలుసు… ఒక్కటి చెప్పు. అండాలమ్మ మళ్లొస్తె, బిల్లు చూసి ఎవ్వరిని పిలుస్తరు?

…సాధననేనా.

…వద్దు.

…వద్దంటున్న! గా పేరు ముట్టొద్దని చెప్పు. రెబెక్క గా దినం పనికొచ్చిందని రాయమను. అబద్ధమా? వచ్చిన కద! పైసలు ఆపితె ఆపుకోనీ…

…పిచ్చిదాన్నే. నీకిప్పుడు తెలిసిందా?

…ఆగు, స్టీవెన్ లోపటికొస్తుండు…

ఏం లేదయ్యా, రూబీ ఫోన్… ఆఁ, ఈఎస్ఐ సంగతే… పైసలా?

…వస్తయంట. మేనేజర్ సంతకం పెడ్తున్నడంట.

…ఉంటనే రూబీ.