పదకొండో అంతస్తులో రోడ్డు

"అక్కా, ఆ పిల్ల ఇవాళ తప్పిపోతుంది. రాసిపెట్టుకో."

చైనాలోని కొండల నగరం ఛోంగ్‌చింగ్‌లో ఆదివారం పొద్దున ఎదురింటి షూచెన్‌ను వెంటబెట్టుకుని లాన్‌ఫెన్ మెట్లు దిగుతోంది. ముప్పై మెట్ల కింద, లావోస్ నుంచి చదువుకోవడానికి వచ్చి లాన్‌ఫెన్ ఇంట్లోనే ఉంటున్న మణివన్, ఒక్కతే ఊరు చూడడానికి పోతోంది.

"తప్పిపోవాలంటే ముందు నువ్వు వదలాలి కదే. పోలీసులా వెనకాలే పడ్డావుగా."

"మెల్లగా అక్కా, వింటుంది. వచ్చి ఇంకా నెల కూడా కాలేదు."

"పందొమ్మిదేళ్ల పిల్ల, రెండు విమానాలు మారి వచ్చింది. నువ్వు నలభై ఆరేళ్లుగా ఇక్కడే ఉండి కూరల బజారు దాటలేదు."

"దాటాల్సిన పనేముంది? కూరలు అక్కడే దొరుకుతాయి."

"అదీ నిజమే."

"నవ్వకక్కా. నా కూతురు వెన్‌యా చదువుకని లావోస్ పోయి ఇప్పుడు ఈ పిల్ల తల్లి దగ్గర ఉంది. ఆవిడ పిల్ల నా దగ్గర ఉంది. దీని గోరు విరిగినా ఆ తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? రేపట్నుంచి ఆవిడ నా పిల్లకు అన్నమెలా పెడుతుంది?"

"ఆ తల్లి సంగతి నాకు చెప్పకు. రోజుకెన్ని మెసేజీలు పెడుతున్నావు ఆవిడకి?"

"రెండో, మూడో."

"లాన్‌ఫెన్."

"పద్నాలుగు. ఏముందందులో? వేడినీళ్లే తాగించండి, ఐసు వేసినవి ఇవ్వకండి, నది వైపు పంపకండి. అంతే. వాళ్ల భాషలోకి ఫోనే మార్చిపెడుతుంది."

"అందుకే నీ కూతురు తొమ్మిది రోజులుగా ఫోనెత్తడం లేదు."

"చదువుతో తీరిక లేక."

"అవునవును, తీరిక లేక. కాలేజీ గేటు దగ్గర కూడా గొడుగేసుకుని నిలబడ్డావు. నీ గొడుగు అందనంత దూరం వెతుక్కుని పోయింది పిల్ల."

"నీ కొడుకు ఎన్నాళ్లకోసారి ఫోను చేస్తాడేమిటి?"

"పండక్కి. మాట మార్చకు."

"అదిగో, నూడుల్స్ కొట్టు దగ్గర ఆగింది. చూడు చూడు, ఐసు సోడా. పొద్దున్నే, ఖాళీ కడుపున."

"తాగనీవే. కడుపు దానిది."

"అక్కా, పిల్లేదీ?"

"ఆ పెద్ద భవనంలోకి దూరింది. లిఫ్టు ఎక్కినట్టుంది."

"ఎక్కనీ. నేను ముందే చెప్పి ఉంచాను. దారి తెలియకపోతే, ఏ భవనంలో ఉన్నా సరే, రోడ్డున్న అంతస్తుకు దిగి కదలకుండా నిలబడు, నేనొచ్చి తీసుకెళతానని."

"రోడ్డున్న అంతస్తుకా? ఏ రోడ్డుకి?"

"ఏ రోడ్డేమిటి?"

"కొండకి ఆనించి కట్టిన భవనమిది. దీనికి ఒకటో అంతస్తులో రోడ్డుంది. పదకొండులో రోడ్డుంది. ఇరవై రెండులో బస్సులాగుతాయి. ఆ పిల్ల ఎక్కడ నిలబడాలి? వాళ్ల ఊళ్లో నేల ఒక్కటే ఉంటుంది తల్లీ."

"అయ్యో. నాకు తట్టనే లేదక్కా."

"ఈ కొండ మీద పుట్టినవాళ్లకి ఎవరికి తడుతుందిలే. నడు."

ఒకటో అంతస్తు చూశారు, ఇరవై రెండు చూశారు. పదకొండుకు దిగేటప్పుడు తొందరలో వేరే లిఫ్టు ఎక్కారు.

"ఇదెక్కడక్కా?"

"ఏడో ఎనిమిదో. చెప్పుల గోడౌనులా ఉంది."

"ఊరంతా తెలుసన్నావు."

"ఊరు తెలుసు. గోడౌను తెలియదు."

"ఇందాకే కదా ఈ తలుపు దాటాం?"

"అది ఎర్ర తలుపు. ఇదీ ఎర్రగానే ఉందనుకో. పిల్లకి మళ్లీ చెయ్యి."

"ఆరుసార్లు చేశాను. లైను ఖాళీ లేదనే వస్తోంది. ఆ ఫోను ఎవరి చేతుల్లో పడిందో. ఏ మెట్ల మీద జారిందో. నదిలో..."

"నోరు ముయ్యవే. ఇక దాచి లాభం లేదు. నీ కూతురికి చెయ్యి. ఆ తల్లికి అదే నెమ్మదిగా చెబుతుంది."

"దానికేమని చెప్పను? నిన్ను నది వైపు పంపొద్దన్న నేనే వాళ్ల పిల్లని పారేసుకున్నానని చెప్పనా?"

"అదే చెప్పు."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. లాన్‌ఫెన్ మళ్లీ నొక్కింది. ఈసారి చాలాసేపు మోగింది.

"వెన్‌యా? వెన్‌యా, ఎత్తావా తల్లీ? నేనే. మణివన్..."

"అమ్మా, ముందు ఊపిరి పీల్చుకో. మణివన్ పదకొండో అంతస్తులో రోడ్డు మీద మీకోసం నిలబడి ఉంది. మీరు ఆ లిఫ్టు ఎక్కేదాకా మీ వెనకే తిరిగింది, ఇప్పటిదాకా నాతోనే మాట్లాడుతోంది. నువ్వు దాని వెంట పడతావని నాకు తెలియదా? మా అమ్మ కూరల బజారు దాటితే తప్పిపోతుంది, కాస్త కనిపెట్టుకుని ఉండమని పొద్దుట్నుంచి దానికి పద్నాలుగు మెసేజీలు పెట్టాను."