అర అంగుళం గీత

1975 ఎండాకాలం. కొత్తగూడలో మా అరుగు మీద నేనూ, ఇంటర్ పాసైన మనుమరాలూ కూర్చున్నాం.

"నానమ్మా, ఆకాశంల గడియారం లెక్క కొట్టుకునే కొత్త రకం చుక్కను ఇంగ్లండుల ఒక ఆడపిల్ల కనిపెట్టింది. పోయినేడు నోబెల్ బహుమతి మాత్రం ఆమె సారుకిచ్చిన్రు."

"ఎట్ల కనిపెట్టిందే?"

"ఆకాశం నుంచొచ్చే రేడియో అలలను యంత్రం గీస్తే, రోజుకు వంద అడుగుల కాగితం మీద ఆ గీతలు చూసేదట. అండ్ల అర అంగుళం గీత తేడాగ కనబడ్డది. సారు అదేదో భూమ్మీది చప్పుడు అడ్డమొచ్చిందన్నా ఇడువలే."

"శెభాష్! బహుమతి ఎవలకిస్తేంది, చూసిన కండ్లు పిల్లయే గద! నువ్వు గూడ గదే చదువుతవా?"

"ఫిజిక్సే. ఆడపిల్లకెందుకని నాయన కాలేజీ ఫారం మీద సంతకం పెడ్తలేడు."

"తండ్రిదే ఉండాల్నా?"

"ఇంటిపెద్దలల్ల ఎవలదైనా నడుస్తది. వేలిముద్రైనా సరే."

"మీ నాయనకు పెద్దను నేనే గద! సిరా తేపో."