అద్దం మేస్త్రి చూడని చోటు

ఏమిటే తల్లీ, ఆ కాగితం అంత మొహమాటంగా పట్టుకొచ్చావు? ముందు ఆ కిటికీ రెక్కకి పుల్ల అడ్డం పెట్టు, గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ, అదే, చివర చీలిక ఉన్న పుల్ల. నెమ్మదిగా పెట్టు, చీలిక విరిగిపోతుంది. ఇప్పుడు చెప్పు. మీ పెద్దతాతయ్య మనవడు, ఆ అన్నయ్య పంపాడా? షాపు పెట్టి అరవై ఏళ్ళయిందని వాళ్ళ తాత ఫొటో పెద్దది చేయించి గుమ్మం మీద పెడతాడా? దాని కింద వేయడానికి నేను నాలుగు మంచి మాటలు రాసివ్వాలా? టీచరు పని చేశాను కదా, తప్పుల్లేకుండా రాస్తానని కాబోలు. తప్పుల్లేకుండానే రాస్తాను. మంచి మాటలు నాలుగు దొరకొద్దూ? నువ్వు కాగితం చూపిస్తుంటేనే వెతికాను, ఒక్కటి దగ్గరే ఆగిపోయాను.

మీ పెద్దతాతయ్య, అంటే మా బావగారు, మీ తాతయ్యకి సొంత అన్న, తుపాకులు బాగుచేసేవాడు. ఊళ్ళో అద్దం మేస్త్రి అనేవాళ్ళు. ఆయన చేతి నుంచి వచ్చిన తుపాకిలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చట. నిజమే, దువ్వుకోవచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి గదిలో కూర్చునేవాడు. బాగుచేసినవన్నీ వీధిలోకి కనబడేలా వరసగా నిలబెట్టేవాడు. వెనక గదిలో కిరసనాయిలు పళ్ళెం ముందు కూర్చుని విడి భాగాలు కడిగి, తుడిచి, చిన్న చిన్న స్ప్రింగులు సరిచేసేది అక్కయ్య, ఆయన భార్య. వచ్చినవాళ్ళెవరూ ఆ గదిలోకి తొంగి చూసిన పాపాన పోలేదు. నూనె మరకలు చీరకే కానీ చొక్కాకి ఎందుకుంటాయి.

మీ తాతయ్య అడవి కాపలా ఉద్యోగం. ఆఫీసువాళ్ళు ఒక రైఫిలు ఇచ్చారు. ఒక వానాకాలం దాని గొట్టం లోపల తుప్పు పట్టింది, అన్నగారి దగ్గర ఇచ్చాడు. నువ్వు తుపాకి ఎప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి నిదానంగా చెబుతాను, విను. గొట్టం మొదట్లో తూటా కూర్చోవడానికి ఒక గది ఉంటుంది. తూటాకి ఇత్తడి గుల్ల ఉంటుంది. పేలినప్పుడు ఆ గుల్ల ఒక్క క్షణం ఉబ్బి గది గోడకి అతుక్కుంటుంది, మళ్ళీ కాస్త ముడుచుకుంటుంది. గోడ నున్నగా ఉంటే, గొట్టం పక్కనున్న పిడి లాగగానే ఖాళీ గుల్ల జారి బయటికొచ్చేస్తుంది, రెండో తూటా లోపలికి పోతుంది. గోడ గరుగ్గా ఉందనుకో, ఉబ్బిన ఇత్తడి ఆ గీతల్లోకి దూరి పట్టుకుంటుంది. వేలు వాచినప్పుడు ఉంగరం చూశావు కదా, సబ్బు రాసినా రాదు. అలాగన్నమాట. మరి మా బావగారు ఏం చేశాడు? ముతక ఉప్పుకాగితం ఒక చువ్వకి చుట్టి, డ్రిల్లు మిషనుకి తగిలించి, ఆ గదిలో గిర్రున తిప్పాడు. తుప్పు పోయింది. దాని బదులు గోడ చుట్టూ గాజుల్లా గీతలు పడ్డాయి. లోపలికి ఒక్క నిమిషం. పైన మెరుగు పెట్టడానికి వారం రోజులు.

తుపాకి తెచ్చుకున్న మర్నాడే మీ తాతయ్య షాపుకి వెళ్ళాడు. "అన్నయ్యా, గుల్ల రావడం లేదు, పిడిని బూటుతో తన్నాల్సొచ్చింది." ఈయన తల కూడా ఎత్తలేదు. "పంతులమ్మని చేసుకున్నాక నీకు సుద్దముక్క పట్టుకునే బలమే మిగిలిందిరా." మళ్ళీ వెళితే తూటాలు మంచివి కావన్నాడు. మూడోసారి వెళితే, ఇదిగో ఇది మాత్రం ఎవరికీ తోచదు, లాగే పిడికి ఇంకో బెత్తెడు ఇనుము అతికించి పొడుగు చేశాడు. దానికీ అద్దంలా మెరుగు పెట్టాడు. తలుపు బిగుసుకుంటే చెక్క గీయకుండా గడియ పెద్దది చేసుకునేవాడిని ఎక్కడైనా చూశావా?

నేను ఖాళీ గుల్లలు ఏడు తెచ్చి కిటికీ గట్టు మీద ప్రార్థనలో పిల్లల్లా వరసగా నిలబెట్టాను. ఏడింటికీ కిందినుంచి రెండు వేళ్ళ ఎత్తున అవే గీతలు. ఏడుగురు పిల్లలు ఒకే లెక్కకి ఒకే తప్పు జవాబు రాశారంటే అందరూ ఒకడి పలకే చూసి రాసినట్టు. అవి కొంగులో వేసుకుని షాపుకి వెళ్ళాను. నలుగురు కూర్చుని ఉన్నారు. "ఏమ్మా పంతులమ్మా, ఎక్కాలు అయిపోయి తుపాకుల్లోకి దిగావా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. "లోపల చూశారా బావగారూ?" అన్నాను. "లోపల ఎవడు చూస్తాడమ్మా," అన్నాడు. అక్షరం మార్చకుండా చెబుతున్నాను. వెనక గది గుమ్మంలో అక్కయ్య నిలబడి నా చేతిలో గుల్లల వైపు చూసింది.

మీ తాతయ్యకి చెప్పాను, ఈ తుపాకితో వెళ్ళొద్దని. "అన్నయ్య బాగుందన్నాడు కదా," అన్నాడు. ఆ మనిషికి అన్నయ్య అంటే అంత. వెళ్ళాడు. పొలాల మీద పడుతున్న అడవిపంది. మొదటి గుండు దాని భుజానికి తగిలింది. అది వెనక్కి తిరిగింది. ఈయన పిడి లాగాడు. పిడి పొడుగైంది కదా, లాగుడూ గట్టిదే అయింది. గుల్లని పట్టుకునే చిన్న కొక్కెం ఇత్తడి అంచు తెంపుకుని బయటికొచ్చింది, గుల్ల మాత్రం లోపలే ఉండిపోయింది. అప్పటికే పంది మీదికొచ్చేసింది. మోకాలి నుంచి పైదాకా చీల్చేసింది. అవును, ఆ కుంటే. మెట్ల మీద జారాడని కదూ నీకు తెలుసు? మీ నాన్నకీ అదే తెలుసు. ఆసుపత్రిలో మంచం పట్టె పట్టుకుని బావగారు ఏడ్చాడు. తమ్ముడి కాలు చూసి అనుకున్నాను. "షాపు పేరు పోతుందిరా," అన్నాడు. మీ తాతయ్య రక్తం కారుతూ పడుకుని, "మెట్ల మీద జారానని చెబుతాలే అన్నయ్యా," అన్నాడు. ఆ అబద్ధాన్ని నలభై ఏళ్ళు నేనే అందరికీ చెప్పాను. తప్పుల్లేకుండా.

కాలు మానగానే మళ్ళీ అదే తుపాకితో అడవికి వెళ్ళాలి, ఆఫీసులో ఇంకోటి లేదు. ఇరుక్కున్న గుల్లని అక్కడివాళ్ళు ఎలాగో తీసి తుపాకి ఇంటికి పంపారు. ఒక మధ్యాహ్నం, బావగారు వీధి గదిలో కునుకు తీస్తుండగా, అక్కయ్య వెనక దారిన మా ఇంటికి వచ్చింది. "అది ఇలా తే చెల్లీ," అంది. ఖాళీ గుల్లకి కొవ్వొత్తి మసి పట్టించి గదిలోకి తోసి తీసింది. మసి చెరిగిన చోటే గోడ పట్టుకుంటోందన్నమాట. చూశావా, ఎంత చక్కటి పాఠమో. సన్నటి పుల్ల చివర చీల్చి, అందులో పట్టులాంటి మెత్తటి ఉప్పుకాగితం దోపి చుట్టి, నూనె చుక్క వేసి చేత్తోనే తిప్పింది. పది తిప్పులు, తుడవడం, నేను టార్చి పట్టుకుంటే చూడడం. "ఇంకా తిప్పొచ్చు కదక్కా," అంటే, "గీతలు పోతే చాలు. ఎక్కువ తీస్తే గది వదులైపోతుంది, తీసింది మళ్ళీ అతకలేం," అనేది. నాలుగు మధ్యాహ్నాలు. ఆ లాగుడికి వంగిన కొక్కెం కూడా మార్చింది. చివరికి చిటికెన వేలు లోపల పెట్టి, కళ్ళు మూసుకుని తడిమి, "ఊ," అంది. ఇటుకబట్టీ వెనక మట్టి గట్టుకి ఇంకో గార్డు పేల్చి చూశాడు. రెండు వేళ్ళతో పిడి లాగితే గుల్ల ఎగిరొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. పేల్చిన ప్రతిసారీ అంతే.

ఇక మేస్త్రిగారి సంగతి. ఆఫీసులో అప్పజెప్పే ముందు ఆయనే తీసుకుని, పైన ఇంకోసారి మెరుగు పెట్టి, అందరి ముందూ లాగి చూపించాడు. "చూశారా, పిడి పొడుగు చేస్తే ఎంత సులువుగా వస్తోందో." ఆ తర్వాత ఊళ్ళో ఇంకో పది తుపాకుల పిడులు పొడుగయ్యాయి. వాటన్నిటి లోపలా ఎవరు ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నారో నన్నడక్కు.

అక్కయ్య మా ఇంట్లో పని ముగించిన రోజే అడిగాను, "అక్కా, ఇంత తెలిసినదానివి ముందే ఎందుకు చెప్పలేదు?" పుల్ల తుడుస్తూ కూర్చుంది. "ఆ మిషను చప్పుడు వెనక గదిలో విన్నప్పుడే తెలిసింది చెల్లీ. ఒకసారి ఆయన పని తప్పంటే ఆరు నెలలు మాట్లాడలేదు. మరిది కాలి మీదికి వస్తుందనుకోలేదు," అంది. ఆ పుల్ల నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు కూర్చున్నాను. నేను మాత్రం ఏం చేశాను, ఏడు గుల్లలూ మళ్ళీ కొంగులో వేసుకుని ఇంటికొచ్చాను కదా.

...

రాసుకో. "ఈయన బాగుచేసిన ప్రతి తుపాకీ పైకి అద్దంలా మెరిసేది." అంతే. చాలదంటే చాలదను. అందులో దిద్దడానికేమీ లేదు. వాన జల్లు లోపలికి కొడుతున్నట్టుంది, ఆ కిటికీ వేసెయ్యి. పుల్ల అక్కడ పడెయ్యకు, ఇలా నా చేతికివ్వు.