రంగు తిరగని నీళ్ళు

1988 జూలై 4వ తేదీన మన ఆసుపత్రి నీటిశుద్ధి విభాగంలో సహాయకులుగా చేరిన బొగ్గు మాస్టారు, ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి అసలు పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా వినబడదు.

తొలి ఎనిమిదేళ్ళు పంపుల దగ్గర గడిచాయి. మూత్రపిండ రోగుల రక్తశుద్ధి విభాగం వెలసినప్పుడు, కొబ్బరిచిప్పలను కాల్చి ఆవిరి పట్టించి తయారుచేసే ఉత్తేజిత కర్బనం బాధ్యత వారికి అప్పగించబడింది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మనం తాగితే ఏమీ కాదు. అదే డయాలిసిస్ యంత్రం గుండా రోగి రక్తాన్ని చేరితే ప్రాణం మీదికొస్తుంది. దాన్ని మధ్యలో పట్టి ఆపేవి ఆ నల్లని గుళికలే. "చూడ్డానికి బొగ్గు, పట్టుకుంటే జలగ" అని కొత్తవారికి చెప్పేవారు. ఇంట్లో సబ్బు నల్లబడుతుంది గానీ ఈయన చేతులు తెల్లబడవని వారి శ్రీమతిగారి ఫిర్యాదు.

పని అయిపోయిన బొగ్గు సంచికి ఎర్రతాడు, కొత్తదానికి తెల్లతాడు కట్టించడం వారి పద్ధతి. రోజూ ఉదయం గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, క్లోరిన్ ఉంటే రంగు మార్చే మందు చుక్కలు వేసి, గులాబీ రంగు తిరగలేదని చూశాకే వాల్వు తెరిచేవారు.

నాలుగేళ్ళ క్రితం ఒక సహాయకురాలు, జ్వరంతో ఉన్న పసిబిడ్డను అత్తగారి దగ్గర వదిలి, మనసంతా ఇంటిమీదే పెట్టుకుని, ఎర్రతాడు సంచులనే మళ్ళీ ట్యాంకులో పోసింది. మర్నాడు గొట్టంలో నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. బయట ఎనిమిదిమంది రోగులు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఇది చేసినవాళ్ళను ఈరోజే పంపించేస్తానని ఇంజనీరుగారు అన్నారు.

"సంచులు పక్కపక్కన పెట్టించింది నేనండీ. నా పేరు రాసుకోండి. ముందు బొగ్గు మారుద్దాం," అన్నారు మాస్టారు.

మధ్యాహ్నానికి గొట్టంలో రంగు రావడం ఆగింది. ఆలస్యమే తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు ఆమెను పిలిచి, "పాపకి జ్వరం తగ్గిందా? రేపటినుంచి చుక్కలు నువ్వు వెయ్యి. భయమున్నవాళ్ళే సరిగ్గా చూస్తారు," అన్నారు.

ఆ సంవత్సరం వారికి రావలసిన పదోన్నతి ఆగిపోయింది. కారణం ఇంట్లో కూడా చెప్పలేదట. వారి కుటుంబ సభ్యులకు ఈ నాలుగు మాటల వల్లనైనా తెలియాలి.

మొన్న సోమవారం ఆ సహాయకురాలు చుక్కలు వేస్తుంటే మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"నేను చూడను. నువ్వే చెప్పు."

"రంగు రాలేదు, మాస్టారూ."

"అయితే తెరువమ్మా."

ఇకనైనా ఏ పరీక్షా చేయకుండా గ్లాసెడు నీళ్ళు నిశ్చింతగా తాగుతూ, శ్రీమతిగారి సబ్బును తెల్లగా ఉండనిస్తూ, వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని ఈ విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.