వాడక ముందు, వాడిన తర్వాత

మీటింగు హాలు వెనక చిన్న గది. కవల అక్కచెల్లెళ్లు ఇద్దరే ఉన్నారు. అక్క కీళ్లకీ చర్మానికీ గుళికలు అమ్ముతుంది. చెల్లెలు బట్టలు కుడుతుంది.

“తలుపు వెయ్యవే, ఎవరైనా చూస్తారు!”

“చూస్తే? నేనేమన్నా దొంగనా అక్కా?”

“అది కాదే. ఇటు రావద్దన్నాను కదా.”

“జాకెట్టు ఇవాళే కావాలని ప్రాణం తీసింది నువ్వే. తెచ్చాను. వస్తుంటే గుమ్మం దగ్గర ఎవరు కనబడ్డారో చెప్పనా?”

“ఎవరూ?”

“నేనే. తలుపంత బ్యానరు మీద. పక్కన నువ్వు. నా కింద ‘వాడక ముందు’, నీ కింద ‘వాడిన తర్వాత’.”

“అది నువ్వని ఎవరికి తెలుస్తుందే?”

“నాకు తెలుసుగా. నా గడ్డం మీద మచ్చేదీ?”

“ఫొటోలోంచి తీయించాను. నాకు లేదు కదా మరి.”

“అందుకా, మొన్న ఎండాకాలం నా కొట్టుకి వచ్చి మిషన్ ముందు నన్ను ఫొటో తీశావు? పైగా నవ్వకు, నవ్వితే బాగోదు అన్నావు.”

“మెల్లగా మాట్లాడు. ఇవాళ నన్ను ఊళ్లో ఈ గుళికలమ్మేవాళ్లందరికీ లీడర్‌ని చేస్తున్నారు. నిన్ను చూశారో, నా పని అయిపోయినట్టే.”

“అవును మరి. ‘వాడక ముందు’ కుంటుకుంటూ వచ్చి ‘వాడిన తర్వాత’ పక్కన నిలబడితే ఏం బావుంటుంది!”

“వెటకారం ఆపి, వెనకనించి దిగిపో తల్లీ.”

“ఆ గుండ్రంగా తిరిగే ఇనప మెట్లా? నా మోకాలితోనా? లిఫ్టులో పోతాను.”

“లిఫ్టు హాలు అవతల ఉంది. నువ్వొచ్చినప్పుడు ఖాళీ. ఇప్పుడు నిండిపోయింది.”

“అయితే నిండు సభలోంచే పోతాను. ఇంతకీ అందులో ఏముందే, ఆ గుళికలో?”

“హయలురోనిక్ యాసిడ్. మన కీళ్లలో ఉండే జిగురే. వయసుతో తగ్గిపోతుంది. మింగితే మళ్లీ...”

“మళ్లీ మోకాల్లోకి పోతుందా? దారి ఎవరు చెప్తారు దానికి?”

“అదే పోతుంది.”

“సగం మోకాలికి, సగం మొహానికి. మధ్యలో కడుపు దాన్ని అరిగించుకోకుండా దణ్ణం పెట్టి పంపిస్తుందా?”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“మిషన్ కుట్టుకునేదాన్ని. నూనె వెయ్యాలంటే చిల్లు చూసి వేస్తాను. సొరుగులో పోసి, అదే పోతుందిలే అని కూర్చోను.”

“ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగరే. నా మొహం చూస్తారు, కొంటారు.”

“మేడమ్, తలుపు తియ్యండి! స్టేజి మీదకి పిలుస్తున్నారు!”

“వస్తున్నానండీ! ...వెళ్లవే. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“పట్టుకో. కుడి మోకాలు మాత్రం ముట్టుకోకు.”

“నీకు దయ లేదే.”

“ఒక్క నిజం చెప్పు, దిగిపోతాను. మెట్టు మెట్టుకీ కూర్చునైనా దిగుతాను. నువ్వెన్నాళ్లు మింగావు?”

“ఎన్నాళ్లేంటి, మొదట్నించీ...”

“అక్కా.”

“రోజూ పొద్దున్నే, పరగడుపున...”

“అక్కా!”

“ఒక్కటీ మింగలేదు. చాలా? మొదటిది గొంతుకి అడ్డం పడితే ఉమ్మేశాను. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు. ఇక దిగు.”

“ఒక్కటీ?”

“ఒక్కటీ. నువ్వు మాత్రం మింగావా ఏంటి? నేను పంపిన గుళికల డబ్బాలన్నీ ఏ అటక మీదో పడేసుంటావు.”

“నీ మొహం చూసి నమ్మానే. ఏడాదిగా ఒక్క పూట మానలేదు. నువ్వు ఫొటో తీసిన రోజు కూడా మింగే కూర్చున్నాను. పద, ఆ బ్యానరు మీద రాతలు అటుదిటు మార్పించు. ‘వాడిన తర్వాత’ నేను.”