దక్షిణామూర్తి గారి 1925

సభాధ్యక్షురాలు భ్రమరాంబ గారికి, ముందు వరుసల్లోని పెద్దలకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నాతోటి విద్యార్థులకు చాందిని నమస్కారాలు. తొమ్మిదేళ్ళు మన తెలుగు సంఘాన్ని నడిపి ఈ రోజు అధ్యక్ష పదవి నుంచి తప్పుకుంటున్న దక్షిణామూర్తి గారి గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు యూనివర్సిటీలో జపాను చరిత్ర చెప్పిన మనిషి కనుక అందులో మూడు నిమిషాలు జపానుకే పోతాయి, పెద్దలు ఓర్చుకోవాలి. (నవ్వులు)

నేను 2022లో అనకాపల్లి నుంచి కెనడాకి చదువుకోడానికి వచ్చాను. ఆ చలికాలమంతా మార్కమ్ లైబ్రరీలో సర్ ఆదివారం క్లాసుకి వెళ్ళాను. ఆ క్లాసుకి ఒకటే పద్ధతి: ఒక్క సంవత్సరమే చదవాలి, ఒక్కొక్కరూ ఒక్కో సంఘటన తీసుకుని తెలుగులో చెప్పాలి. మేం చదివింది జపానులో 1925, చక్రవర్తుల కాలం. నాకు ఓటు చట్టం వచ్చింది. అంతవరకూ పన్ను కట్టేవాళ్ళకే ఉన్న ఓటు ఇరవై అయిదేళ్ళు నిండిన మగవాళ్ళలో దాదాపు అందరికీ వచ్చిందనీ, ముప్పై లక్షల ఓటర్లు కోటీ ఇరవై లక్షలయ్యారనీ నేను ఊగిపోతూ చెప్తుంటే నాతోపాటు క్లాసుకొచ్చే మన బన్నీ చప్పట్లు కూడా కొట్టాడు.

సర్ మాత్రం, "ఆడవాళ్ళకో?" అన్నారు.

"లేదు సర్."

"పక్క పేజీ చదివావా, తల్లీ?"

చదవలేదు. అదే వసంతంలో అదే పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. దేశ వ్యవస్థను మార్చాలనో, సొంత ఆస్తి ఉండకూడదనో సంఘం పెట్టినా, అందులో చేరినా పదేళ్ళదాకా జైలు. "సగం ఏడాది చదివి పండగ చేసుకున్నావు" అన్నారు సర్. చదవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు మన సంగతి. టీ తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం ఉంది. స్టడీ పర్మిట్ మీద, అంటే చదువు వీసా మీద ఉన్న మాకూ సంఘంలో ఓటు ఇస్తామంటోంది. ఎంత సంతోషమో చెప్పలేను. దాని కిందే రెండో వాక్యం: కమిటీని వాట్సాప్‌లో గానీ, బయట గానీ విమర్శించిన సభ్యుల్ని సంజాయిషీ అడక్కుండా తీసేయవచ్చు. కార్యదర్శి కేశవరావు అంకుల్, తల వంచుకోకండి, మీ సాంబారుని వెక్కిరిస్తూ నేను పెట్టిన మెసేజ్ వల్లే ఈ వాక్యం వచ్చిందని అందరికీ తెలుసు. (నవ్వులు)

మొన్న సర్‌కి ఫోన్ చేశాను. "మీరే ఒప్పుకున్నారా సర్?"

"రెండోది లేకపోతే మొదటిది నెగ్గదమ్మా. దిగిపోయేముందు మీకు ఓటైనా ఇప్పించి వెళ్దామని."

సర్, మా మీద ప్రేమతోనే ఒప్పుకున్నారని తెలుసు. కానీ పక్క పేజీ చదవమన్నది మీరే, నేను చదివాను. నిన్న ఏజాక్స్ ఊళ్ళో మా బేస్‌మెంట్‌లో పదిహేడుమంది విద్యార్థులం కూర్చుని ఒక మాట అనుకున్నాం. సభ్యులారా, రెండో వాక్యం కొట్టేసి మొదటిది నెగ్గించండి. రెండూ కలిపితేనే ఇస్తామంటే మా ఓటు ఆపేయండి. మేం వచ్చే ఏడాది మళ్ళీ వచ్చి అడుగుతాం, అడిగే నోరు మాకు ఉండాలి కదా.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు మీకూ, నన్ను చదివించినందుకు సర్‌కీ కృతజ్ఞతలు. సెలవు.