పెనుగొలనులో సంతకం

తిరువూరులో రేపే నలభై మైళ్ల సైకిలు పందెం. భర్త మడ్‌గార్డులు విప్పుతుంటే ఆమె పక్కనే కూర్చుని అడుగుతోంది.

“అవెందుకు తీయడం?”

“అంతా డొంకదారే. రేగడి మట్టి ఇరుక్కుంటే చక్రం తిరగదు.”

“మధ్యలో ఎవరైనా అడ్డదారిన వచ్చేస్తే?”

“కుదరదు. ఊరూరా ఒక మేష్టారు చీటీ మీద సంతకం పెట్టాలి.”

“మా పెనుగొలనులో ఎవరు?”

“మీ నాన్నగారు.”

పానా అందించబోయిన ఆమె చేయి ఆగిపోయింది. తనకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నారన్న కోపంతో ఆయన మూడేళ్లుగా వీళ్లతో మాట్లాడలేదు.

“తెలియక పేరిచ్చారా?”

“తెలిశాకే ఇచ్చాను.”

“మిమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటే?”

“అరుగు మీద కూర్చుంటాను.”

“మిగతావాళ్లంతా దాటిపోతారు కదండీ.”

“పోనీ. అందరికీ సంతకాలు పెట్టేశాక, ఆయనకి నేనొక్కణ్ణే మిగులుతాను.”